లింగభేదం – లింగభావం: ఒక పరిశీలన

తెలుగు వ్యాకరణం చదివిన వారికి మహత్తు, మహతి, అమహత్తు అనే విభాగం సుపరిచితమే. ఏకవచనంలో “వచ్చాడు”, “వచ్చింది” అని వేరుపరచే మన భాష, బహువచనంలో స్త్రీ పురుషులందరికీ “వచ్చారు” అనే ఒకే రూపాన్ని ఇస్తున్నది. మానవదేహం కూడ ఒకే రూపంతో ఆరంభమవుతున్నది. తల్లి గర్భంలో మొదటి ఆరు వారాల వరకు ఆడ, మగ పిండాల జననాంగ నిర్మాణంలో భేదం కనిపించదు.

సాధారణంగా మానవకణంలో 46 క్రోమోజోములు ఉంటాయి. వానిలో చివరి జత స్త్రీలలో ‘ఎక్స్ ఎక్స్’గాను, పురుషులలో ‘ఎక్స్ వై’గాను ఉంటుంది. ‘వై’ క్రోమోజోముపై ఉన్న ‘ఎస్.ఆర్.వై.’ అనే జన్యువును 1990లో గుర్తించారు. దాని ప్రేరణవలన వృషణాలు ఏర్పడి, వాని నుండి వెలువడే హార్మోనులవలన పురుష లక్షణాలు రూపొందుతాయి. ఈ క్రమంలో ఏ దశలోనైనా కొంత మార్పు జరిగినచో, పుట్టిన శిశువు దేహం స్త్రీ, పురుష అనే రెండు నమూనాలలో దేనికీ పూర్తిగా సరిపడకపోవచ్చును. ఇట్టి వారినే నేడు ఇంటర్‌సెక్స్ వ్యక్తులు అంటున్నారు. కొందరిలో ఈ భేదం పుట్టుకతోనే కనిపిస్తుంది. కొందరిలో యౌవనారంభంలో గాని, సంతానం కలగక వైద్యుని సంప్రదించినపుడు గాని బయటపడుతుంది. ఏయే భేదాలను లెక్కలోకి తీసుకొనవలెనన్న విషయంలో శాస్త్రజ్ఞులకు ఏకాభిప్రాయం లేదు. అందువలననే జనాభాలో వీరి సంఖ్య నూటికి 0.05 నుండి 1.7 వరకు ఉండవచ్చునని ఐక్యరాజ్యసమితి ప్రచురణలు పేర్కొన్నాయి.

ఇచట ఒక ప్రాణావసర విషయం గుర్తుంచుకొనవలెను. అడ్రినల్ గ్రంథి లోపంవలన కలిగే ఒక స్థితిలో ఆడశిశువు జననాంగాలు మగశిశువు అంగాలవలె కనిపించవచ్చును. దాని తీవ్రరూపంలో దేహంలోని లవణాలు నశించి, తొలి వారాలలోనే శిశువుకు ప్రాణాపాయం కలుగుతుంది. సిగ్గుచేత బిడ్డను దాచక, వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవుట తల్లిదండ్రుల కర్తవ్యం. కాని ప్రాణరక్షణకు చేసే చికిత్స వేరు, కేవలం రూపాన్ని దిద్దుటకు చేసే శస్త్రచికిత్స వేరు. రెండవదానిని బిడ్డ పెరిగి, తన ఇష్టాన్ని తాను చెప్పగలిగే వరకు ఆపవచ్చును. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు ఈ విషయాన్నే నొక్కిచెప్పగా, అదే సంవత్సరం ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం ప్రాణాపాయ సందర్భాలలో తప్ప ఇంటర్‌సెక్స్ శిశువులకు ఇట్టి శస్త్రచికిత్సలను నిషేధించినది.

లింగభావం దీనికి భిన్నమైన విషయం. తాను స్త్రీనా, పురుషుడనా, లేక ఈ రెండింటికి వేరైన వ్యక్తినా అని మనిషి అంతరంగంలో కలిగే గాఢమైన ఎరుకయే లింగభావం. ఇంటర్‌సెక్స్ అనేది దేహనిర్మాణానికి సంబంధించినది. ఇంటర్‌సెక్స్ వ్యక్తులలో పెక్కుమంది స్త్రీలుగానో పురుషులుగానో జీవిస్తున్నారు. పుట్టినపుడు నిర్ణయించిన లింగానికి భిన్నమైన లింగభావం గల ట్రాన్స్‌జెండర్ వ్యక్తులలో పెక్కుమందికి దేహనిర్మాణంలో ఏ భేదమూ ఉండదు. ఇట్టి లింగభావం మానసిక వ్యాధి కాదని 2019లో ఆమోదించిన రోగవర్గీకరణలో ప్రపంచ ఆరోగ్యసంస్థ స్పష్టం చేసినది.

మన పూర్వులు ఈ విషయం ఎరుగనివారు కారు. ఇస్లామీయ ధర్మశాస్త్రవేత్తలు ‘ఖున్సా’ అనే పేరుతో ఇంటర్‌సెక్స్ వ్యక్తులను గుర్తించి, వారికి రావలసిన వారసత్వభాగాన్ని, నమాజు వరుసలో వారి స్థానాన్ని చర్చించారు. అనగా వారిని కుటుంబానికి గాని ప్రార్థనకు గాని వెలుపలివారుగా భావించలేదు.

తరువాతి చట్టాలు మాత్రం కఠినమైనవి. బ్రిటిషు ఇండియాలో 1871 నాటి నేరస్థ జాతుల చట్టం హిజ్రాలను అనుమానితులుగా నమోదు చేయించినది. ఆ మార్గంలోనే నిజాం రాజ్యంలో 1329 ఫస్లీలో, అనగా 1919లో, ఒక చట్టం వెలువడినది. నాడు మన నారాయణఖేడ్ ఆ రాజ్యంలోని బీదరు జిల్లాలో ఉండేది. ఆ చట్టం క్రింద నమోదైన వ్యక్తి స్త్రీవేషంలో గాని, వీధిలో ఆడుచు పాడుచు గాని కనిపించినచో వారంటు లేకయే నిర్బంధించి, రెండు సంవత్సరాల వరకు కారాగారశిక్ష విధించవచ్చును. రాజ్యం పోయినది, జిల్లాలు మారినవి. కాని ఆ చట్టం గ్రంథాలలో నిలిచియే ఉన్నది. 2023 జూలై 6న తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. విద్యలోను, ఉద్యోగాలలోను రిజర్వేషన్లు, ఆసరా పింఛను వంటి సౌకర్యాలు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు కల్పించవలెనని ఆదేశించినది. అంతకుముందే 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు వారిని తృతీయ లింగంగా గుర్తించగా, 2019 నాటి కేంద్ర చట్టం విద్యాసంస్థలలో వారిపట్ల వివక్షను నిషేధించినది. 2022లో ఉస్మానియా జనరల్ ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ వైద్యులు నియమితులైనారు. అవకాశం లభించినచో వారు ఏమి సాధించగలరో చెప్పుటకు ఇంతకన్న నిదర్శనం ఏమి కావలెను?

చట్టం తీర్పుతో మారవచ్చును. నాలుక మారుటకు చదువు కావలెను. “కొజ్జా”, “నపుంసకుడు” అనే మాటలను మనం మైదానంలో, తరగతిగదిలో పరిహాసానికి వాడుతున్నాము. ఆ మాట విన్నవారిలో తన దేహరహస్యాన్ని ఎవరికీ చెప్పుకోలేని సహాధ్యాయి ఒకరు ఉండవచ్చును. మరునాటి నుండి అతడో, ఆమెయో కళాశాలకు రాకపోయినచో, హాజరుపట్టీలో ఒక పేరు తగ్గినట్లే మనకు తోచును. ఒక జీవితం తప్పిపోయినదని తోచదు.

కావున విద్యార్థి మిత్రులకు ఒక మనవి: ఆ మాటలను మానుదము. కళాశాల సంఘంవారికి ఒక విన్నపం: ప్రవేశపత్రంలో స్త్రీ, పురుష అను గళ్ళ ప్రక్కన మూడవ గడి ఒకటి చేర్చవలెను, అందరూ నిర్భయంగా ఉపయోగించుకొనగల మరుగుదొడ్డి ఒకటి ఏర్పరచవలెను. “వచ్చారు” అను మాటలో అందరికీ చోటిచ్చిన భాష మనది. ఆ చోటు మన కళాశాలలోను ఉండవలెను.