తనపై తనకున్న చిన్నచూపును కొలిచే మాపనులు

బంజారా హిల్స్‌కు దగ్గర్లోని అమీర్‌పేటలో ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌కు సిద్ధమవుతున్నవారు శిశు వికాసం–పెడగాజీ (30 మార్కులు) చదివేటప్పుడు మోరిస్ రోజెన్‌బర్గ్ పేరు తప్పక గుర్తుంచుకోవాలి. ఈ అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1965లో వెలువరించిన ఆత్మగౌరవ మాపనిలో 10 వాక్యాలుంటాయి: ఐదు అనుకూలం, ఐదు ప్రతికూలం. ఒక్కోదానికి నాలుగు స్థాయిల్లో జవాబివ్వాలి. తాను ఎందుకూ కొరగాననే భావాన్ని పట్టుకునేవి ప్రతికూల వాక్యాలే. వాటికి మార్కులు తిరగేసి వేయాలి. చాలామంది తడబడేది ఇక్కడే. అన్నింటికీ ఆలోచించకుండా 'అవును' అనేసే అలవాటుకు ఈ రెండు రకాల వాక్యాలే అడ్డుకట్ట.

వాట్సన్, ఫ్రెండ్ అనే పరిశోధకుల మాపని (1969, 30 తప్పు–ఒప్పు వాక్యాలు) వేరు: ఇతరులు మనల్ని తక్కువగా చూస్తారేమోనన్న భయాన్ని అది కొలుస్తుంది. ఆరన్ బెక్ కుంగుబాటు శోధికలో (1961) 21 అంశాలు, గరిష్ఠ స్కోరు 63. ఆత్మనింద, తనపై ద్వేషం అందులో భాగాలు.

ఏ స్కోరూ రోగనిర్ధారణ కాదు. టెట్ ఫలితాల కోసం ఎదురుచూస్తూ కుంగిపోతున్న అభ్యర్థికి మాపని కంటే మనిషి తోడు ముఖ్యం. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ ఉచిత నంబరు 14416. అమీర్‌పేటకు సమీపంలోనే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉంది.