బండి బ్రేకు పైపు మార్చిన పాఠం

వార్షికోత్సవ సంచికకు పనికొచ్చే పాఠం ఏదైనా రాయమని అడిగారు. మేం ముగ్గురం ఈ సిర్గాపూర్ హాస్టల్లో ఒకే గదిలో ఉండి చదువుకున్నవాళ్లం. కవితలు మాకు రావు, వచ్చింది బండి పని. అందుకే మా పాత పల్సర్‌కు బ్రేకు పైపు మార్చిన సంగతి రాస్తున్నాం. ఇందులో భౌతిక శాస్త్రం కూడా ఉంది కాబట్టి సార్లు ఏమీ అనరనుకుంటున్నాం.

ముందు ఎందుకు మార్చామో చెప్పాలి. సోయా కోతల కాలం. రాత్రి ఎనిమిది గంటలకు నారాయణఖేడ్ నుంచి సిర్గాపూర్ వస్తున్నాం, బండి మీద ఇద్దరం. మలుపు తిరగ్గానే ఎదురుగా లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ ఆగి ఉంది. ముందు బ్రేకు నొక్కితే లీవరు మెత్తగా పోయి హ్యాండిల్ గ్రిప్పుకు తగిలింది, బండి మాత్రం ఆగలేదు. వెనక బ్రేకు తొక్కి, రోడ్డు దిగి, పొలం గట్టుకు కొట్టుకుని ఆగాం. మోకాళ్లు గీరుకుపోవడంతో సరిపోయింది. మరునాడు ఒక మెకానిక్‌కు చూపిస్తే "పాత బండికి బ్రేకు గిట్లనే ఉంటది తమ్మీ" అన్నాడు. ఆ మాట నమ్మి ఇంకో వారం అట్లనే నడిపాం. తెలివితక్కువ మాదే.

ఇప్పుడు పాఠంలోకి వద్దాం. డిస్క్ బ్రేకులో తీగ ఉండదు, నూనె ఉంటుంది. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో ఫ్రాన్స్ దేశపు బ్లేజ్ పాస్కల్ చెప్పాడు. మనం పరీక్ష కోసం బట్టీపట్టిన నియమమే అది. లెక్క వేసి చూడండి. చేత్తో లీవరు మీద 10 కిలోల బలం పెట్టామనుకుందాం. లీవరు దాన్ని 5 రెట్లు చేస్తే 50 కిలోలు. హ్యాండిల్ దగ్గర ఉండే మాస్టర్ సిలిండర్ పిస్టన్ వైశాల్యం 1.25 చదరపు సెంటీమీటర్లయితే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 40 కిలోలు. కింద చక్రం దగ్గర క్యాలిపర్‌లో పిస్టన్ల మొత్తం వైశాల్యం 14 అయితే ప్యాడ్ల మీద పడే బలం 560 కిలోలు! పది కిలోలు పెట్టి అయిదువందల అరవై పుట్టించే ఉపాయం ఇది. మోటారు సైకిళ్లలో ఈ నూనె డిస్క్ బ్రేకును పెద్ద ఎత్తున తెచ్చింది 1969 నాటి హోండా సీబీ 750. మన ఊళ్లకు ఆ మాట చేరింది 1999లో సీబీజెడ్, 2001లో పల్సర్ వచ్చాకే.

మరి మా లీవరు ఎందుకు మెత్తబడింది? దీనికి ముఖ్యంగా మూడు కారణాలుంటాయి. నూనెలో గాలి చేరడం ఒకటి. నూనె నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది, మన చేతి బలం ఆ బుడగను నలపడానికే ఖర్చవుతుంది. రెండోది నూనె పాతబడడం. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు, తేమ చేరిన నమూనాకు ఆ హద్దు 155 డిగ్రీలే. ఘాటు దిగుతూ బ్రేకు పట్టుకునే ఉంటే క్యాలిపర్ వేడెక్కి ఆ తేమ ఆవిరై బుడగలు కడుతుంది. మూడోది రబ్బరు పైపు ముసలిదైపోవడం. నొక్కినప్పుడల్లా అది కొద్దిగా ఉబ్బుతుంది, ఆ ఉబ్బు నింపడానికి లీవరు ఎక్కువ దూరం పోవాలి.

ఇక్కడ మేం గట్టిగా చెప్పే మాట ఒకటుంది. మొదటి పని పైపు మార్చడం కాదు, నూనె మార్చి గాలి తీయడం. మేం అలాగే చేస్తే సగం మెత్తదనం పోయింది. బయటికి వచ్చిన నూనె హాస్టల్ చాయ్ రంగులో ఉంది! మిగిలిన సగం కోసం పైపును వంచి చూస్తే చివర్ల దగ్గర సన్నని పగుళ్లు కనిపించాయి. ఇక మార్చక తప్పదు. కంపెనీ రబ్బరు పైపు కొత్తది వేసినా పని జరిగేదే. కానీ మాలో ఒకడికి స్టీలు అల్లిక పైపు మీద మనసు పడింది. దాని లోపల టెఫ్లాన్ గొట్టం, దాని చుట్టూ స్టెయిన్‌లెస్ స్టీలు తీగల జడ, పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటాయి. జడ వల్ల గొట్టం ఉబ్బదు, లీవరు గట్టిగా తగులుతుంది. దానితో బండి సగం దూరంలోనే ఆగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. బండిని ఆపేది చివరికి టైరుకు రోడ్డు మీదున్న పట్టు.

మొదట తెచ్చిన పైపు ఒక అంగుళం పొట్టిది. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, ముందు చక్రాన్ని పైకెత్తి షాకబ్జర్లు పూర్తిగా సాగినప్పుడు కొలవాలని మాకు తోచలేదు. వాపసు ఇచ్చి, పాత పైపును చేత పట్టుకుపోయి కొలిచి తెచ్చాం. చివర్ల కొక్కేలు ఏ వంపులో ఉన్నాయో కూడా చూసుకోవాలి.

బిగించే ముందు పెట్రోలు ట్యాంకు మీద తడిగుడ్డ కప్పండి. ఈ నూనె పెయింటును తినేస్తుంది. పడితే వెంటనే నీళ్లతో కడగాలి. కళ్లలో పడకుండా అద్దాలు పెట్టుకోండి. పైపు రెండు చివర్లా నడుమ బోలుగా, అడ్డంగా రంధ్రంతో ఒక బోల్టు ఉంటుంది, దాన్ని బ్యాంజో బోల్ట్ అంటారు. దానికి కొక్కెం ఇవతల ఒకటి, అవతల ఒకటి రాగి వాషర్లు వేయాలి. అంటే మొత్తం నాలుగు. రాగి మెత్తనిది కాబట్టి నలిగి సందు మూస్తుంది. ఒకసారి నలిగినది మళ్లీ సరిగా మూయదు. మేం పది రూపాయలు మిగుల్చుకోవడానికి పాతవే వేశాం. లీవరు గట్టిగా పట్టి ఒక నిమిషం ఉంచి, బోల్టు చుట్టూ తెల్ల కాగితం అద్దితే తడి అంటింది. ఆ కాగితం అద్దకుండా రోడ్డెక్కి ఉంటే ఈ వ్యాసం రాసేది ముగ్గురమా, ఇద్దరమా అనేది చెప్పలేం. కొత్త వాషర్లు తెచ్చి మళ్లీ మొదటి నుంచి చేశాం. బోల్టును బలం కొద్దీ తిప్పడం కూడా తప్పే. బోలు బోల్టు విరుగుతుంది. సర్వీసు పుస్తకంలో ఉన్న కొలతకు టార్క్ పానాతో బిగించాలి. పైపు మెలి తిరగకూడదు. స్టీలు జడ దేనికి రాసుకుంటే దాన్ని కోస్తుంది కాబట్టి వైర్లకు, ట్యాంకుకు తగలకుండా పాత దారిలోనే క్లిప్పుల్లో పెట్టండి.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి. క్యాలిపర్ నిపుల్‌కు సన్నని ప్లాస్టిక్ పైపు తొడిగి, దాని రెండో కొసను కొద్దిగా నూనె ఉన్న సీసాలో ముంచండి. ఒకరు లీవరు నొక్కి పట్టాలి. రెండోవారు నిపుల్ వదులు చేసి, బుడగలు రాగానే బిగించాలి. బిగించాకే లీవరు వదలాలి. ఈ వరస తప్పితే బయటి గాలి లోపలికి పోతుంది. పైన డబ్బీలో నూనె అడుగంటకూడదు. ఒకసారి అడుగంటి మాకు గంట పని దండుగైంది. కొత్త, సీలు తీయని డాట్ 4 డబ్బానే వాడండి. డబ్బీ మూత మీద డాట్ 4 అని ఉంటే డాట్ 5 పోయకండి, అది సిలికాన్ రకం, దీనితో కలవదు. ప్యాడ్ల మీద నూనె పడితే ప్యాడ్లు మార్చడమే మేలు.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది. దానిలో పైపులు ఇంకో యంత్రం గుండా పోతాయి, అందులో చిక్కిన గాలి ఇంట్లో తీస్తే రాకపోవచ్చు. అలాంటి బండిని సర్వీసు సెంటరుకే తీసుకుపోండి. మీలో లైసెన్సు రాని తమ్ముళ్లు ఇప్పటికి పానా అందించే పని చేయండి, నడిపే పని కాదు.

అంతా అయ్యాక బండిని ముందు చేత్తో తోసి ఆపి చూశాం. తర్వాత ఖాళీ మైదానంలో నడక వేగంతో, ఆ తర్వాతే రోడ్డు మీద. లీవరు ఇప్పుడు సగం దారిలోనే రాయిలా ఆగుతోంది. మొదటి రోజు అలవాటు లేక గట్టిగా నొక్కి, వెనక కూర్చున్నవాడి నుదురు మా వీపుకు తగిలింది.

పాత రబ్బరు పైపును నిలువుగా కోసి ఉంచాం. వార్షికోత్సవం రోజు స్టడీ హాలు బల్ల మీద పెడతాం, పక్కనే పాత రాగి వాషరు కూడా. లోపలి పగుళ్లు వేలితో తడిమి చూడండి. తర్వాత అన్నానికి వెళ్లే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి.