కరోనా భయంతో కీళ్లవాతం మందులు మానొచ్చా?

ప్రశ్న: అమ్మకు 54 ఏళ్లు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి వారానికోసారి మెథోట్రెక్సేట్, రోజూ 5 మి.గ్రా. స్టెరాయిడ్ వాడుతోంది. మళ్లీ కరోనా అంటున్నారుగా, ఇమ్యూనిటీ తగ్గుతుందని రెండూ మానేస్తానంటోంది. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మాననివ్వకండి, ముఖ్యంగా స్టెరాయిడ్‌ని. నెలల తరబడి వాడేవారి ఒంట్లో సహజంగా ఊరే కార్టిసాల్ తగ్గిపోతుంది. మాత్ర ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మెథోట్రెక్సేట్ మానినా కొన్ని వారాల్లో కీళ్లు మళ్లీ వాస్తాయి. ఆ వాపు దించడానికి స్టెరాయిడ్ డోసు పెంచాల్సి వస్తుంది. కొవిడ్ ముదిరే ముప్పు ఆ పెద్ద డోసులతోనే ఎక్కువ!

మందు నిల్వ చూసుకోండి. 2020 మార్చిలో హైడ్రాక్సీక్లోరోక్విన్ కరోనాకు పనిచేస్తుందన్న ప్రచారంతో జనం ఎగబడ్డారు. రోజూ అదే వాడే లూపస్ రోగులు షాపుల చుట్టూ తిరిగారు. (అది కొవిడ్‌ని తగ్గించదని తర్వాత పెద్ద అధ్యయనాల్లో తేలింది.) నెలకు సరిపడా మాత్రలు, ఫోన్‌లో ప్రిస్క్రిప్షన్ ఫొటో ఉంటే చాలు. రక్తపరీక్షలు దగ్గర్లోని ల్యాబ్‌లో చేయించి, రిపోర్టులు వీడియో కాల్‌లో డాక్టరుకు చూపించవచ్చు. కొవిడ్, ఫ్లూ టీకాలు వేయించవచ్చు. ఆ వారం మెథోట్రెక్సేట్ ఆపాలో లేదో ముందే అడగండి.

జ్వరమొస్తే మెథోట్రెక్సేట్ వేసే ముందు రుమటాలజిస్టుకు ఫోన్ చేయండి. స్టెరాయిడ్ మాత్రం కొనసాగాలి. ఆయాసం వచ్చినా, ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, వాంతులతో మాత్ర నిలవకపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లి, స్టెరాయిడ్ వాడుతున్న సంగతి అక్కడ ముందుగా చెప్పండి.