మతవిశ్వాసమూ, పసిబిడ్డల వైద్యమూ

ఇన్సులిన్ కనుగొనక మునుపు చిన్నపిల్లలకు మధుమేహం వచ్చిందంటే, ఆపై బ్రతుకు సాధారణంగా ఒకటి రెండేళ్లకు మించేది కాదు. 1922 జనవరి 11న టొరంటో నగరంలో పద్నాలుగేళ్ల బాలునికి మొట్టమొదటిసారిగా ఇన్సులిన్ ఇచ్చారు. మందులో మలినాలు ఉండటం వలన అది ఆశించిన ఫలితం ఇవ్వలేదు. జేమ్స్ కాలిప్ అనే జీవరసాయన శాస్త్రవేత్త దానిని శుద్ధి చేసిన పిమ్మట, జనవరి 23న మళ్లీ ఇవ్వగా బాలుడు కోలుకోసాగాడు.

అయినప్పటికీ, 2008 మార్చిలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో పదకొండేళ్ల బాలిక ఇదే వ్యాధితో, ఇన్సులిన్ అందక మరణించింది. తల్లిదండ్రులు నిర్దయులు కారు. బిడ్డ కోసం ప్రార్థించారు, తెలిసినవారిని ప్రార్థించమని కోరారు. స్వస్థత భగవంతుని వలననే తప్ప వైద్యుని వలన కాదని నమ్మారు. ఇటువంటి అభ్యంతరాలలో శాస్త్రం దేనికి సమాధానం చెప్పగలదు, దేనికి చెప్పలేదు అన్నది తెలుసుకోవడం ప్రతి తల్లికీ, తండ్రికీ అవసరం.

శరీరంలో జరిగేది

తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. కండరాలు దానిని తగినంతగా వాడుకోవడానికి క్లోమగ్రంథి నుండి వెలువడే ఇన్సులిన్ కావాలి. అది లేనప్పుడు రక్తంలో చక్కెర నిండుగా ఉన్నా కణాలకు పస్తే. అప్పుడు శరీరం కొవ్వును కరిగిస్తుంది. కాలేయం ఆ కొవ్వు నుండి కీటోన్ ఆమ్లాలను తయారుచేస్తుంది. రక్తంలోని బైకార్బొనేటు ఆ ఆమ్లాలను కొంతవరకు తటస్థం చేసి తాను తరిగిపోతుంది. సాధారణంగా 7.35కూ 7.45కూ మధ్య ఉండే రక్తపు పి.హెచ్. 7.3 కన్నా దిగజారుతుంది.

అధిక దాహం, మాటిమాటికి మూత్రం, బరువు తగ్గడం తొలి గుర్తులు. వాంతులు, ఊపిరిలో పండ్ల వాసన, దీర్ఘమైన వేగవంతమైన శ్వాస, మగత తరువాతివి. తొలి గుర్తులు కొన్ని వారాలు సాగవచ్చును. చివరి దశకు కొన్ని గంటలు చాలు. సెలైన్, ఇన్సులిన్, పొటాషియం సకాలంలో అందితే పిల్లల్లో అత్యధికులు కోలుకుంటారు.

మందులోని పదార్థంపై అభ్యంతరం

అభ్యంతరాలు రెండు విధాలు. మొదటిది మందులోని పదార్థానికి సంబంధించినది. దశాబ్దాల పాటు ఇన్సులిన్‌ను పశువుల, పందుల క్లోమగ్రంథుల నుండి తీసేవారు. హిందూ, ముస్లిం కుటుంబాలలో కొందరికి ఇది సంకటమే. మానవ ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలు ఉన్నవి. పంది ఇన్సులిన్‌లో వాటిలో ఒకటి, పశువు ఇన్సులిన్‌లో మూడు మాత్రమే భిన్నం. ఆ కొద్దిపాటి తేడా కూడా లేని మానవ ఇన్సులిన్‌ను బాక్టీరియాల చేత తయారుచేయించే విధానం వచ్చింది. 1982లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది. ఆ సంకటానికి రసాయనశాస్త్రమే పరిష్కారం చూపినది. జెలటిన్ గొట్టాలకు బదులు మొక్కల సెల్యులోజుతో చేసిన గొట్టాలూ ఇటువంటివే. కనుక ఈ విధమైన సందేహం ఉన్నవారు మందు మానివేయక, బదులు ఏదైనా ఉన్నదా అని వైద్యుని అడగడం మంచిది.

వైద్యంపైనే అభ్యంతరం

రెండవది వైద్యమే విశ్వాసరాహిత్యమన్న అభ్యంతరం. దీనికి ఏ ప్రయోగశాలలోనూ సమాధానం లేదు. ఇక్కడ మాట్లాడవలసినది ధర్మశాస్త్రం. వీధిలో మతపత్రికలు అమ్ముతున్న బాలికకు సంబంధించిన వ్యాజ్యంలో, 1944లో అమెరికా సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది: తమ విశ్వాసం కోసం పెద్దలు తమ ప్రాణాలను త్యాగం చేసుకోవచ్చును గాని, తమంతట తాము నిర్ణయించుకోగల వయసు రాని బిడ్డలను ఆ త్యాగానికి గురిచేయరాదు. విస్కాన్సిన్ బాలిక తల్లిదండ్రులకు 2009లో పడిన శిక్షను ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం 2013లో సమర్థించింది.

అమెరికాలో 1975 నుండి 1995 వరకు మతకారణాల వలన వైద్యం అందక మరణించిన 172 మంది పిల్లల వివరాలను 1998లో ఇద్దరు పరిశోధకులు ప్రకటించారు. వారిలో 140 మందికి వచ్చినవి, వైద్యం జరిగితే నూటికి తొంభై మందికి పైగా బ్రతికే జబ్బులు.

మన ఊళ్ల అనుభవం

ఇది పరాయివారి మూఢత్వమని నవ్వుకోవడానికి తెలుగువారికి అర్హత లేదు. మశూచిని 'అమ్మవారు' అని పిలిచి, వేపమండలు కట్టి, టీకా వేయిస్తే తల్లికి కోపం వస్తుందని భయపడిన ఇళ్లు మన పల్లెల్లోనూ ఉండేవి. 1975 తరువాత భారతదేశంలో మశూచి లేదు. 1980లో ప్రపంచమంతటా అది నిర్మూలమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మశూచి పోయింది, పోలేరమ్మ జాతరలు మాత్రం నేటికీ సాగుతూనే ఉన్నవి. టీకా వలన తల్లి మహిమకు లోటు రాలేదు, బిడ్డలు మిగిలారు.

ప్రార్థనకు ఇన్సులిన్ అడ్డు కాదు. ఇన్సులిన్‌కు ప్రార్థన అడ్డు కానవసరం లేదు. మొక్కు తరువాత తీర్చుకోవచ్చును, పి.హెచ్. దిగజారుతున్న రక్తం మాత్రం వేచి ఉండదు. మందులోని పదార్థంపై సందేహం ఉంటే బిడ్డ ఆరోగ్యంగా ఉన్న రోజునే వైద్యునితో మాట్లాడుకోవడం, ఆపద వచ్చిన రోజున ముందుగా ఆసుపత్రికి తీసుకుపోవడం తల్లిదండ్రుల కర్తవ్యం. ఏ విశ్వాసాన్ని స్వీకరించాలో ఆ బిడ్డ పెరిగి పెద్దయిన నాడు తానే నిర్ణయించుకుంటుంది. ఆ నాటి వరకు బిడ్డను బ్రతికించుకోవడమే పెద్దల ధర్మం.