బొమ్మ నుంచి బాట మీదికి

మే నెల ఎండలో కరీంనగర్ నుంచి రామగుండం వెళ్ళే దారిలో బానెట్ ఎత్తి ఆపిన లారీని మీరు చూసే ఉంటారు. డ్రైవరు రేడియేటర్లో నీళ్ళు పోస్తుంటాడు. ఎందుకని? ఇంజనులో మండే ఇంధనపు శక్తిలో ఇంచుమించు మూడో వంతే బండిని నడుపుతుంది. మిగిలినదంతా వేడిగా మారుతుంది. ఆ వేడిని ఎప్పటికప్పుడు బయటికి పంపకపోతే ఇంజను పాడవుతుంది. ఈ చిన్న సంగతే ఒక పేరుమోసిన కారు రూపాన్ని మార్చివేసింది!

కార్ల కంపెనీలు తమ కొత్త ఊహను ముందు ఒకే ఒక్క కారుగా తయారుచేసి ప్రదర్శనలో పెడుతుంటాయి. దాన్ని కాన్సెప్ట్ కారు అంటారు. 1971లో జెనీవా ప్రదర్శనలో ఇటలీకి చెందిన లంబోర్ఘిని కంపెనీ అలాంటి స్పోర్ట్స్ కారునొకదాన్ని పెట్టింది. దాని పేరు కౌంటాష్. రూపకర్త మార్చెల్లో గాండీని. ఎత్తు నాలుగడుగులైనా లేదు. ముందు భాగం గొడ్డలి అంచులా పలచన. తలుపులు పక్కకు కాక కత్తెరలా పైకి లేస్తాయి. ఈ తలుపులను ఆయన 1968లోనే కరాబో అనే మరో ప్రదర్శన కారుకు అమర్చి చూశాడు.

నిర్మల్లో పొణికి చెక్కతో బొమ్మ కారు చేస్తే అది కంటికి నచ్చితే చాలు. మనిషి ఎక్కే కారుకు అది చాలదు కదా! కౌంటాష్ ఇంజను సీట్ల వెనక ఉంది. దాన్ని చల్లబరచడానికి పక్కల చేప మొప్పల్లాంటి చీలికలు పెట్టారు. రోడ్డు మీద పరీక్షిస్తే వాటి గుండా చాలినంత గాలి అందలేదు. ఇంజను వేడెక్కిపోయింది.

అప్పుడేం చేశారు? గాలికి ఎదురుగా నోరు తెరిచిన పెట్టెల్లాంటి గాలి మార్గాలను కారు భుజాల మీద అమర్చారు. తలుపుల పక్కనా గాలి దూరే పల్లాలు చేశారు. 5 లీటర్ల ఇంజనుకు బదులు 4 లీటర్లది పెట్టారు. 1974లో కారు అమ్మకానికి వచ్చింది. మరి అందరూ మెచ్చుకున్న ఆ మొదటి కారు? ప్రమాదం జరిగితే ఎంతవరకు తట్టుకుంటుందో తెలుసుకోవడానికి దాన్ని ఢీకొట్టించి పరీక్షించారు. అది నుజ్జయింది.

గొడ్డలి అంచు రూపం నిలిచింది. కత్తెర తలుపులు ఆ కంపెనీ తర్వాతి కార్లయిన డయాబ్లో, అవెంటడార్‌లకూ వచ్చాయి. పరీక్షకు నిలవనివి మారిపోయాయి.

మీరూ ఒక ప్రయోగం చేయండి. కాగితాన్ని గొట్టంలా చుట్టి, లోపల చిన్న దారం అంటించండి. గొట్టం నోటిని టేబుల్ ఫ్యానుకు ఎదురుగా పెట్టండి. దారం రెపరెపలాడుతుంది. గొట్టాన్ని అడ్డంగా తిప్పండి. దారం కదలిక తగ్గిపోతుంది. కౌంటాష్ భుజాల మీది పెట్టెల రహస్యం ఇదే.

ఈసారి వైజ్ఞానిక ప్రదర్శనకు మీరు చేసిన నమూనా పనిచేయకపోతే చిన్నబుచ్చుకోకండి. అది ఎక్కడ ఆగిపోయిందో రాసిపెట్టుకోండి. మీ రెండో నమూనా అక్కడినుంచే మొదలవుతుంది.