వారెంటు లేకుండా తీసిన దుంగలు సాక్ష్యమవుతాయా?

ప్రశ్న: మా తమ్ముణ్ణి ఎర్రచందనం కేసులో పోలీసులు పట్టుకున్నారు. వారెంటు లేకుండా ఇల్లు సోదా చేశారు. కొట్టి ఒప్పించారు. వాడు చూపిన చోట దుంగలు తీశారు. ఇది కోర్టులో చెల్లుతుందా సార్?
– ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: అమ్మా, పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం చెల్లదు. భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్ ఆ మాట తేల్చి చెబుతోంది. అయితే ఆ మాటల వల్ల వస్తువు బయటపడితే, దానికి నేరుగా సంబంధించిన భాగం మాత్రం సాక్ష్యంలోకి వస్తుంది. ఈ హద్దు గీసింది తెలుగునాటి కేసే. పులుకూరి కోటయ్య నిందితుడిగా ఉన్న హత్య కేసులో, బ్రిటిష్ పాలనలో తుది అప్పీలు కోర్టైన ప్రివీ కౌన్సిల్ ఇచ్చిన తీర్పు ప్రకారం ‘ఈటె గడ్డివాములో దాచాను’ అన్నది పనికొస్తుంది, ‘దాంతో పొడిచాను’ అన్నది పనికిరాదు. మీ తమ్ముడికీ అంతే: దుంగలు దాచిన చోటు చెప్పడం వేరు, చెట్టు నరికానని ఒప్పుకోవడం వేరు. పైగా కొట్టి చెప్పించారని తేలితే చోటు చెప్పిన మాట కూడా నిలవదు. తనపై తానే సాక్ష్యం చెప్పమని నిందితుణ్ణి బలవంతపెట్టకూడదనే రాజ్యాంగం 20(3) అధికరణం అడ్డొస్తుందని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది.

దుంగల సంగతి వేరు. అమెరికాలో అక్రమ సోదాలో దొరికినదాన్ని సాధారణంగా పక్కన పెడతారు. మన దగ్గర, సోదా తప్పయినంత మాత్రాన వస్తువును తోసిపుచ్చనక్కర్లేదని 1974లో పూరన్‌మల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పౌరుడికి ఇది అన్యాయమనే నా నమ్మకం.

అయినా దారి ఉంది. సోదాను వీడియో తీయాలని నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతోంది. ఆ వీడియో, పంచనామా నకలు అడగండి. దెబ్బల సంగతి మేజిస్ట్రేటుకు చెప్పించి వైద్య పరీక్ష కోరండి. జైల్లో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరును ఇస్తారు; చిత్తూరు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి.