బొమ్మ ఎందుకు మసకబారుతుంది?

వీడియో కాల్ మాట్లాడేటప్పుడు ఒక్కోసారి బొమ్మ మసకబారుతుంది. ముఖం మీద గళ్లు గళ్లుగా పడుతుంది. ఫోను పాడైందని కొందరు దుకాణానికి పరుగెడతారు. కొందరు అప్పు చేసి కొత్త ఫోను కొంటారు. కాని అది ఫోను తప్పు కాకపోవచ్చు.

ముగ్గుకు చుక్కలు పెడతాం కదా! ఫోనులో బొమ్మ కూడా చుక్కలే. చాలా సన్న చుక్కలు. మంచి బొమ్మ ఒక్కదానికి 20 లక్షలకు పైగా చుక్కలు ఉంటాయి. ప్రతి చుక్క రంగూ చెప్పాలి. ఇలాంటి బొమ్మలు సెకనుకు 25 మారితే మన కంటికి కదిలినట్టు ఉంటుంది. అదే వీడియో.

ఈ చుక్కలన్నీ ఉన్నవి ఉన్నట్టు పంపితే 1 జీబీ డేటా 7 సెకన్లకు కూడా చాలదు. "ఏం తిన్నావు నాయనా?" అని అడిగేలోపే అయిపోతుంది! అందుకే ఫోను పొదుపు చేస్తుంది.

కువైట్‌లో కొడుకు గోడ ముందు కూర్చుని అమ్మతో మాట్లాడుతున్నాడు అనుకుందాం. గోడ కదలదు. దాన్ని ఒకసారి పంపితే చాలు. తరువాత "గోడ ఇందాకటిలాగే ఉంది" అని కబురు చేస్తే సరి. కొడుకు తల తిప్పాడు. ఫోను బొమ్మను చిన్న చిన్న గళ్లుగా చూస్తుంది. "ఈ గడి ఇంత పక్కకు జరిగింది" అని చెబుతుంది. కొత్తగా కనబడిన చెవిని మాత్రం చుక్కలతో పంపుతుంది. అమ్మ ఫోను పాత గళ్లను జరిపి, కొత్తవి అతికిస్తుంది. దారిలో ఒక కబురు తప్పిపోతే గళ్లు చెదురుతాయి. ముఖం మీద పడేవి అవే.

రెండో పొదుపు జల్లెడ పట్టడం లాంటిది. ముఖం ఆకారం, చీర రంగు ముతక భాగం. వెంట్రుకలు, చీర అంచు మీది గీతలు సన్న భాగం. ముతక భాగం ముందు వస్తుంది. సిగ్నల్ బాగుంటే సన్నవి దాని మీద పొరలు పొరలుగా చేరతాయి. సిగ్నల్ తగ్గితే పై పొరలు ఆగిపోతాయి. బొమ్మ మసకబారుతుంది, కాని కాల్ తెగిపోదు. ఇలా పొరలుగా పంపే పద్ధతిని 2007లో హెచ్.264 అనే వీడియో ప్రమాణంలో చేర్చారు.

అందరూ పొరలే వాడరు. ఒకే వీడియోను పెద్దది, చిన్నది అని విడివిడిగా చేసి ఉంచేవారూ ఉన్నారు. యూట్యూబ్‌లో 144, 360, 720 అనే అంకెలు అవే. అంకె తగ్గితే డేటా ఖర్చు తగ్గుతుంది. వంట చేస్తూ పాట వినడానికి 144 చాలు.

కదలిక ఎక్కువైతే పంపాల్సింది ఎక్కువ. వాన, అలలు, గాలికి ఊగే వరిచేను ఫోనుకు కష్టం. చేతిలో ఫోను ఊగినా అంతే. కదలని గోడ కూడా కదిలినట్టే లెక్క! ఫోనును బిందెకో గోడకో ఆనించి మాట్లాడి చూడండి. సిగ్నల్ అంతే ఉన్నా ముఖం తేటగా కనబడుతుంది.